ముప్పై ఒక్క సోమవారాలు

నాకున్నదానికి ఒక పేరుందని తెలిసేసరికి నాకు నలభై ఏళ్లు నిండాయి. ఆ పేరు తెలిశాక నేను చేసిన మొదటి పని అబద్ధం ఆడటం. నా కథంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. మందుల పేర్ల కోసం, చిట్కాల కోసం చూసేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు, ఆ రెండూ నా దగ్గర లేవు. ఇంట్లో నాలాంటి మనిషి ఉండి, "వీడు కావాలనే చేస్తున్నాడు" అని పళ్లు కొరుక్కునేవాళ్లు ఉంటారు. "నేనేం తప్పు చేశాను?" అని గోడవైపు తిరిగి కూర్చునే నాలాంటివాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నా కోసం కూడా. రాస్తే గుండె మీద బరువు కొంచెమైనా దిగుతుందేమోనని ఆశ.

1969

మాది వికారాబాద్. అమ్మానాన్న నా చిన్నతనంలోనే పోతే లక్ష్మక్క పెంచింది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. నా పని మాత్రం తాండూరులో, ఒక నాపరాళ్ల డిపోలో. గనుల నుంచి వచ్చిన బండలను కొలిచి, చిన్న సుత్తితో తట్టి చూసి, మంచివాటిని ఒక పక్క, పగులున్నవాటిని ఒక పక్క పెట్టించాలి. లోపల పగులున్న బండ పైకి ఎంత నున్నగా ఉన్నా, సుత్తి తగిలితే బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా నాకు అవతలి వరస నుంచి కూడా వినిపించేది. కొనేవాడు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "ఇది పగిలిన బండ" అనేసేవాణ్ని. సేటు పళ్లు నూరేవాడు కానీ పనిలోంచి తీసేయలేదు. "అనంతయ్య మంచిదన్నడంటే ఇగ మల్ల తట్టి సూసుడెందుకు" అని కొనేవాళ్లంతా మా డిపోకే వచ్చేవారు మరి.

పనిలో మర్యాద ఉంది, ఇంట్లో ఫికర్ ఉంది. ఇరవై ఆరేళ్లు వచ్చినా నేను నలుగురిలో కూర్చోను, ఎవరి కళ్లలోకీ చూడను, ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే తోసేస్తాను. "పెండ్లి కుదిరితే పిచ్చి కుదుర్తది, ఊకె సామెత చెప్పలె పెద్దలు" అని చుట్టాలు అక్కకు నూరిపోశారు. అక్క బషీరాబాద్‌లో సంబంధం చూసింది. పిల్ల పేరు శరణమ్మ. "పిల్లగాడు జర మాట తక్వ. గంతే. మనిషి బంగారం" అని అక్క వాళ్ల నాన్నకు చెప్పింది. నాలుగేళ్లు నిండేదాకా నాకు మాటలే రాలేదని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు కదా.

తలంబ్రాల బియ్యం మెడలోంచి చొక్కాలోకి జారగానే ఒళ్లంతా చీమలు పాకినట్టయి లేచి నిలబడ్డాను. బాజాల మోతకు రెండు చెవులూ మూసుకున్నాను. పందిరంతా ఘొల్లుమంది. శరణమ్మ కూడా నవ్వింది, తలవంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నాకు సిగ్గెక్కువని అనుకుందట. ఆ అనుకోవడంతోనే ఆమె నాలుగైదేళ్లు గడిపింది.

తాండూరులో డిపో పక్క సందులో కాపురం. పొద్దున రెండు జొన్నరొట్టెలు, పెసరపప్పు. సాయంత్రం అదే. వేరే ఏదైనా చేస్తే ముట్టేవాణ్ని కాదు. "నువ్వు తిన్నవా?" అని నేను ఆమెను ఒక్కరోజు కూడా అడగలేదు. ఆకలైతే తింటుంది కదా అనుకున్నాను. కొత్త చీర కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడితే, "పాతదే బాగుండె" అన్నాను. డెబ్బై రెండులో బిడ్డ పుట్టింది, సువర్ణ. పసిపిల్ల ఏడుపు నా చెవిలో మేకు దిగినట్టుండేది. లేచి డిపోకు వెళ్లిపోయేవాణ్ని. ఆదివారం కూడా. తాళం వేసి ఉన్నా గేటు ముందు కూర్చునేవాణ్ని. ఆమె ఒక్కతే ఎట్లా ఏగిందో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

1976

ఆ సంవత్సరం మామ పోయాడు. ఈ ముక్క రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మా వైపు చావు జరిగితే ఆడవాళ్లు శోకాలు తీస్తారు. ఊరికే ఏడవడం కాదు, పోయినవాళ్ల మంచిని ఒక్కొక్కటే తలుచుకుంటూ, రాగం తీస్తూ ఏడుస్తారు. బిడ్డ శోకం పెట్టి ఏడిస్తేనే తండ్రికి సాగనంపిన మర్యాద. శరణమ్మ శవం పక్కన కూలబడి రాగం ఎత్తుకుంది. "ఓ నాయినా... ఏటేటా బండి గట్టుకొని వస్తివి నాయినా... నా బిడ్డ యాడున్నదని నన్ను తోలుకపోతివి నాయినా..."

నేను వాకిట్లో సువర్ణను పట్టుకుని నిలబడి ఉన్నాను. దుఃఖంలో మర్చిపోయి తప్పు చెప్తోందనుకున్నాను. అంతమంది వింటున్నారు, సరిచేయడం నా ధర్మం అనుకున్నాను. దేవుడి మీద ప్రమాణం, అంతకు మించి ఇంకేమీ లేదు నా మనసులో. "ఏటేటా గాదు. బండి గట్టుకొని ఒక్కసారే వచ్చిండు, డెబ్బై ఒకటిల. మిగతా అన్నిసార్లు నేనే రైలెక్కించిన" అన్నాను, అందరికీ వినపడేట్టు.

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. శరణమ్మ నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత మూసుకుంది. శవాన్ని లేపేటప్పుడు కూడా ఆమె గొంతు లేవలేదు. బిడ్డ శోకం సగంలో ఆగిపోతే ఆ తండ్రి అట్లాగే వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాత నా ముందు ఆమె ఏడవగా నేను చూడలేదు. ఇంట్లో ఏడుపులు లేవు, హాయిగా ఉంది అనుకున్నాను నేను. మూర్ఖుడికి ఇంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది?

1981

ఆమెకు జ్వరం. మూడో రోజు మంచం మీది నుంచి, "జర నా దగ్గర కూసో" అంది. కూర్చున్నాను. చెంబుతో నీళ్లు పెట్టాను. తొమ్మిది కాగానే లేచి చెప్పులు వేసుకున్నాను.

"నేను సచ్చినా నువ్వు తొమ్మిదింటికి డిపోకు పోతవ్" అంది.

"తొమ్మిదింటికే తెరుస్తరు గదా" అన్నాను.

సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి వాళ్లన్న మల్లప్ప వచ్చి ఉన్నాడు. ఆమె ట్రంకు పెట్టె వాకిట్లో ఉంది. మల్లప్ప నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "బావా, నీకు చెప్తే గోడకు చెప్పినట్టే. మా చెల్లెను, బిడ్డను తోలుకపోతున్న" అన్నాడు. నేను పక్కకు జరిగి దారిచ్చాను. వద్దని అనాలని నాకు తట్టలేదు. ఇల్లు ఖాళీ అయ్యాక మూడో రోజు తట్టింది.

ఆ తర్వాత రెండేళ్లు కుడితిలో పడ్డ ఎలుక బతుకే. ఆమె ఇల్లు నడిపినన్నాళ్లూ నాకు పగలు పగలుగా, సాయంత్రం సాయంత్రంగా ఉండేది. ఆ వరస చెడిపోయేసరికి నిద్ర పోయింది, తిండి పోయింది. డిపోలో కొత్తగా పెట్టిన రాయి కోసే మిషన్ మోత తలలో దూరి బయటికి వచ్చేది కాదు. ఒకరోజు సుత్తి విసిరేసి బండల వరసల మధ్య సందులో దూరి, మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాను. కూలీలు చుట్టూ మూగారు. దయ్యం అని ఒకడు, తాగాడని ఒకడు. మిషన్ నడిపే ఖాజా భాయ్ వచ్చి అందరినీ తరిమేశాడు. మిషన్ ఆపేశాడు. నన్ను ముట్టుకోలేదు. రెండు గజాల దూరంలో కూర్చుని బీడీ తాగుతూ, "అనంతన్నా, నీకు ఎప్పుడు లేవబుద్ధయితే అప్పుడు లెవ్వు. ఏం పరేషాన్ గాకు" అన్నాడు. ఆ రోజు సేటు తిట్లన్నీ ఆయనే పడ్డాడు. అప్పటినుంచి నేను బండలు తట్టే గంట మిషన్ ఆపే ఉంచేవాడు. నా జన్మలో నన్ను ఏమీ అడగకుండా నాకు కావలసింది ఇచ్చిన మొదటి మనిషి ఆయనే.

ఖాజా భాయ్ అక్కకు కబురు పంపాడు. అక్క వచ్చి నన్ను వికారాబాద్ తీసుకుపోయింది. అక్కడ ఒక డాక్టరు నరాల బలహీనత అని బలం మందు రాశాడు. అది తాగితే అరుగుదల చెడింది తప్ప నరాలకు ఏమీ కాలేదు.

1983

చివరికి హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి. నాలుగుసార్లు తిరిగాం, వికారాబాద్ నుంచి పొద్దున రైలుకు వెళ్లి సాయంత్రం రైలుకు రావడం. డాక్టరమ్మ గది ముందు వసారాలో బల్లల మీద జనం ఒకరి మీద ఒకరు పడుతూ ఉండేవారు. ఫినాయిల్ వాసన, పంకా కిర్రుమనడం, పిల్లల ఏడుపులు. మొదటి రోజు అరగంటకే లేచి పారిపోబోయాను. అక్క చొక్కా పట్టుకుంది, నేను విడిపించుకున్నాను, అందరూ చూశారు. అప్పుడు ఊడ్చే ఆయమ్మ ఒకామె చీపురు పక్కన పెట్టి, "ఎనక వరండాల ఎవ్వరుండరు, ఆడ కూసో నాయినా. నీ పేరు పిలిస్తే నేనొచ్చి చెప్త" అంది. నాలుగుసార్లూ చెప్పింది. ఆమె పేరు నేను అడగలేదు. అడగాలని ఇప్పుడు తెలుసు.

డాక్టరమ్మ బయటి దేశంలో చదివి వచ్చినామె. నన్ను తక్కువే అడిగింది. అక్కను ఎక్కువ అడిగింది. చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడు, ఎత్తుకుంటే ఏం చేసేవాడు, ఏం ఆడుకునేవాడు? అక్క మొదట దాటవేసింది. మూడోసారి వెళ్లినప్పుడు చెప్పేసింది. వాకిట్లో గులకరాళ్లను వరసగా పేర్చేవాడినట. ఒక్కటి జరిపితే సాయంత్రం దాకా ఏడ్చేవాడినట. అమ్మ ఒళ్లోకి తీసుకుంటే కట్టెలా బిగుసుకుపోయేవాడినట. "మా అమ్మ పోయేటప్పుడు గూడ, వీడు నన్ను ఒక్కసారి గూడ పట్టుకోలె అని ఏడ్చిందమ్మా" అని అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

నాలుగోసారి డాక్టరమ్మ ఆ పేరు చెప్పింది. ఆటిజం. పుట్టుకతోనే ఉన్నదంది. పిచ్చి కాదంది. పొగరు కాదు, ప్రేమ లేకపోవడం కూడా కాదంది. "మీకు శబ్దం ఎక్కువ వినిపిస్తుంది. ఎదుటివాళ్ల మనసులో ఉన్నది మాత్రం వినిపించదు, ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. పెద్దవాళ్లలో దీన్ని ఇక్కడ ఇంకా ఎవరూ వెతకడం లేదు, అందుకే ఇన్నేళ్లు పట్టింది."

"ఎప్పుడు తగ్గుతది?" అని అక్క అడిగింది.

"తగ్గదమ్మా. ఇది తగ్గే జబ్బు కాదు. నేను రాసే మాత్రలు నిద్రకు, కంగారుకు, అంతే. కొన్ని నేర్చుకోవచ్చు, కొన్ని ఇంట్లోవాళ్లు నేర్చుకోవాలి." తర్వాత నావైపు తిరిగి, "మీ భార్యకు ఇదంతా తప్పకుండా చెప్పండి. ఆమెను ఒకసారి తీసుకురండి" అంది.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను ఏడ్చాను. మొదట వచ్చింది సంతోషమే, దాచను. నలభై ఏళ్లుగా నేను చెడ్డవాణ్ని అనుకున్నాను, కాదట. శంకర్‌పల్లి దాటాక ఆ సంతోషం చల్లారింది. నేను చెడ్డవాణ్ని కాకపోతే మాత్రం శరణమ్మ పడ్డది పడకుండా పోతుందా?

1984

జనవరిలో మల్లప్ప, శరణమ్మ వికారాబాద్ వచ్చారు, అక్క కబురు పెడితే. వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టి, నేను నోరు తెరవకముందే అక్క అందుకుంది. "పెద్ద డాక్టరమ్మ సూసింది. నరాల జబ్బేనట. మంచి మందులిచ్చింది. ఏడాది తిరిగేసరికి మనిషి మంచిగైతడు."

శరణమ్మ అక్కవైపు చూడలేదు. నావైపు చూసింది. "మంచిగైతదా?" అని నన్నే అడిగింది.

నాకు అప్పటికి అబద్ధం ఆడటం రాదు. రాదంటే, ఎట్లా ఆడాలో తెలియదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా నవ్వేది. తగ్గదు అన్న మాట నాలుక మీదే ఉంది. అది అంటే లేచి వెళ్లిపోతుందని కూడా తెలుసు. రెండేళ్లు ఆమె లేకుండా బతికి చూశాను. మళ్లీ ఆ ఇంట్లోకి ఒంటరిగా పోలేను. నేను తల ఊపాను. మాట కూడా అనలేదు, తల మాత్రం కిందికీ పైకీ ఊపాను.

ఆమె లేచి, "అన్నా, బిడ్డను, నా పెట్టెను తాండూరుకు తెచ్చియ్యి" అంది.

వచ్చిన వారమే మొక్కుకుంది. నేను బాగయ్యేదాకా సోమవారాలు పొద్దుగూకే వరకు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని. డాక్టరమ్మ రాసిన మాత్రలు వేళకు చేతిలో పెట్టేది. "ఇయ్యాల మా అన్నతోని నువ్వే ముందు మాట్లాడినవ్. మందు పనిచేస్తున్నది సూడు" అనేది. నేను మాట్లాడింది మందుతో కాదు. ఏం మాట్లాడాలో పొద్దంతా డిపోలో బండలకు చెప్పుకుని, బట్టీపట్టి వచ్చి అప్పజెప్పేవాణ్ని. "తిన్నవా?" అని అడగడం నేర్చుకున్నాను. సోమవారం నాడు కూడా మర్చిపోయి అడిగితే, "ఇయ్యాల సోమారం గదా" అని నవ్వేది. ఆమె నవ్వు చూసి ఎన్నేళ్లయిందో. ఆ నవ్వు కోసం ఇంకో వారం, ఇంకో వారం అని నోరు నొక్కుకున్నాను. ఆమె ఎండిన పెదాలతో వడ్డిస్తుంటే నా రెండు రొట్టెలూ తిన్నాను. తిన్నాను, సిగ్గులేకుండా.

శ్రావణం వచ్చింది. ఆ సోమవారం మధ్యాహ్నం బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడిపోయింది. పక్కింటివాళ్లు డిపోకు పరుగెత్తుకొచ్చి చెప్పారు. ఖాజా భాయ్ మిషన్ ఆపి, "ఏం సూస్తున్నవ్, ఉరుకు" అన్నాడు. ఉరికాను. అప్పటికే ఆమెను ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు, నొసలు చిట్లింది. తడిగుడ్డ అద్దాను. ఆమె కళ్లు తెరిచి, నీళ్లు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "పొద్దు గూకలె" అంది.

ఇక నావల్ల కాలేదు.

"తాగు. మొక్కు దండుగ. గిది తగ్గదు. తగ్గే జబ్బు గాదని డాక్టరమ్మ మొదలే చెప్పింది. నేను తల ఊపింది అబద్ధం."

నా చేతిలోని నీళ్లవైపు చూసింది. తర్వాత, "ఎన్ని సోమారాలైనయ్?" అంది.

"ఇయ్యాల్టితోని ముప్పై ఒకటి."

"మీ అక్క మాట నేను నమ్మిననుకున్నవా? మీ అక్క పెండ్లప్పుడు గూడ చెప్పింది. నువ్వు తల ఊపినవ్, గందుకు నమ్మిన." గొంతు పెంచలేదు. "గా మనిషితోని ఏమున్నదని మళ్ల పోతున్నవే అని మా ఊరంత అడిగిన్రు. గా మనిషి నోట అబద్ధం రాదు, నాకు గంతే సాలు అన్న. నీ దగ్గర నాకు గదొక్కటే ఉండె."

లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. నా కోసం చేసిపెట్టిన రొట్టె తీసుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని, మొత్తం తిన్నది. చెంబెడు నీళ్లు తాగింది. నేను గుమ్మంలో నిలబడి, "పోతవా?" అని అడిగాను.

"యాడికి పోత? బిడ్డ బడినుంచి వస్తది" అంది.

1986

వెళ్లలేదు. మరుసటి నెల నాతో హైదరాబాద్ వచ్చింది. డాక్టరమ్మ చెప్పిందంతా కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. ఇప్పుడు తన మనసులో ఉన్నది నాకు నోటితో చెప్తుంది. "నాకు కోపమొచ్చింది. నువ్వేం జవాబియ్యకు, గంతే" అంటుంది. నేను జవాబు ఇవ్వను. మొన్న ఆమెకు జ్వరమొస్తే తొమ్మిది దాటినా మంచం పక్కనే కూర్చున్నాను. గడియారం వైపు చూడకుండా ఉండటం నాకు చచ్చినంత పనైంది, కానీ కూర్చున్నాను. సువర్ణ నన్ను చూసి నవ్వింది. చూసేవాళ్లకు మా కాపురం పెళ్లయినప్పటికంటే ఇప్పుడే బాగుంది.

నాలాంటివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పేరు తెలిసిన రోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఉన్నది ఉన్నట్టు, తగ్గదన్న మాటతో సహా. పోతారేమో. పోనివ్వండి. ఒకసారి నిజం చెప్పి ఆమె శోకాన్ని ఆపాను, ఒకసారి అబద్ధం ఆడి ఆమె కడుపు మాడ్చాను. మొదటిది తెలియక చేశానని డాక్టరమ్మ అంది, ఒప్పుకుంటాను. రెండోది తెలిసే చేశాను. అది ఆటిజం చేసింది కాదు, అనంతయ్య చేసింది.

ఆ సోమవారం దాకా పదిహేనేళ్లలో నేను చెప్పిన మాటకు శరణమ్మ ఒక్కసారి కూడా "నిజమేనా?" అని అడిగి ఎరగదు. ఇప్పుడూ అడగదు. నిన్న సాయంత్రం, "వాన మొదలైంది, బట్టలు తియ్యి" అన్నాను. ఆమె చేస్తున్న పని ఆపి, గడప దాకా వెళ్లి, చెయ్యి బయటికి చాచి చూసుకుని, అప్పుడు తీగ దగ్గరికి నడిచింది.